చుట్టుపక్కల కంటే మెత్తన

ఉప్పుమొగ రేవులో ఒడ్డుకు లాగి దుంగల మీద నిలబెట్టిన పవనకుమారి అనే తెరచాప పడవకు ఎడమ డొక్కలో, నీటి గీతకు జానెడు కింద, దాన్ని నడిపే సరంగు వాసుపల్లి ఎల్లాజీ బొటనవేలు దిగింది. వేలు తీస్తే ఆ చోటు పైకి వచ్చింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ దిగింది.

ఎల్లాజీ చెక్క సుత్తి తీసుకుని డొక్క పొడవునా కొట్టుకుంటూ వచ్చాడు. టంగ్, టంగ్, టంగ్ అన్న పడవ ఆ చోటికి వచ్చేసరికి దబ్ అంది. తలుపు రెక్కంత మేర దబ్ దబ్ అని, దాటాక మళ్ళీ టంగ్ అంది. అతను సుద్దముక్కతో హద్దు గీసి, షెడ్డు నీడలో కూర్చున్న అసిస్టెంటు ఇంజనీరు పైలా భానోజీరావుని పిలిచాడు.

"బాబూ, ఓపాలి ఇలగ రండి. మీ బొటనేలు ఇలగివ్వండి."

భానోజీరావు వచ్చి నొక్కాడు. దిగింది.

"మాగిన సపోటాలా ఉందేమిటి ఎల్లాజీ?"

"సపోటా అయితే తినీవోలం బాబూ. దీన్నేటి సేస్తాం?"

ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలుసు. పవనకుమారి ముప్పై ఏళ్ళు దాటిన ఫైబరు పడవ. బయట ఒక ఫైబరు పొర, లోపల ఒక ఫైబరు పొర, మధ్యలో తేలిక చెక్క, బొబ్బట్టులో పూర్ణంలాగా. ఎక్కడో ఒక మర సడలి నీరు లోపలికి దిగింది. చెక్క కుళ్ళింది. పొర కోసి, కుళ్ళు తవ్వి తీసి, ఎండనిచ్చి, కొత్త చెక్క పెట్టి, ఫైబరు గుడ్డ పరిచి రెజిన్ పూస్తే బాగవుతుంది. రేవులో చేపల పడవలకు ఏటా ఎవరో ఒకరు చేసుకునే పనే.

"తొందరగా కాగితం రాయండి బాబూ," అన్నాడు ఎల్లాజీ. "వానాకాలం పోనాక గుంటలెక్కుతారు దీని మీద. మా పోలేశ్వరీ ఎక్కుద్ది."

గుంటలంటే, చుట్టుపక్కల జాలరి పాలేల నుంచి తెరచాప నడపడం నేర్చుకోడానికి ఎంపికైన పదిమంది ఆడపిల్లలు. అప్పటిదాకా చిన్న పడవల మీద ఏట్లో తిరుగుతున్నారు. సముద్రంలోకి వెళ్ళాలంటే పవనకుమారి ఒక్కటే ఉంది. ఎల్లాజీ కూతురు పోలేశ్వరి వాళ్ళలో ముందుండేది.

భానోజీరావు ఆ సాయంత్రమే కాగితం రాశాడు.

పవనకుమారి తీర నౌకా విహార మండలిది. మండలి పుట్టిన ఏడాది ప్రభుత్వం చూసుకుంటే రోడ్ల శాఖలో రోడ్లకు సరిపోయినదాని కంటే ఎక్కువమంది ఇంజనీర్లున్నారనీ, సముద్రం మీద ఒక్కరు కూడా లేరనీ తేలింది. కొందరిని ఇటు పంపారు. వాళ్ళు వస్తూ వస్తూ తమ కుర్చీలూ, తమ మాన్యువలూ తెచ్చుకున్నారు. సముద్రానికి వేరే మాన్యువల్ రాయడానికి ఒక కమిటీ ఉంది. అది రాసేదాకా రోడ్ల మాన్యువల్‌లో 'రోడ్డు' అన్న చోటల్లా 'పడవ' అని చదువుకోవలసిందిగా ఉత్తర్వు ఉంది.

భానోజీరావు కూడా అలా వచ్చినవాడే. అంతకుముందు కల్వర్టులు కట్టాడు. అతనికి ఈత రాదు. మండలిలో చేరేటప్పుడు ఎవరూ అడగలేదు కాబట్టి అతనూ చెప్పలేదు.

జనరల్ మేనేజరు ముక్కామల పూర్ణానందం గారు కాగితం చదివి కళ్ళజోడు తీశారు.

"భానోజీరావ్, మీరు 'మెత్తగా ఉన్నది' అని రాశారు. మెత్తన అనేది అభిప్రాయం. అభిప్రాయానికి మరమ్మతు మంజూరు చెయ్యడానికి మనకు అధికారం లేదు."

"బొటనవేలు దిగుతోంది సార్."

"ఎవరి బొటనవేలు?"

"నాదీ, సరంగుదీ సార్."

"ఆ రెండింటిలో ప్రామాణికమైనది ఏది?"

భానోజీరావు తన చేతివైపు చూసుకున్నాడు.

నాణ్యతా విభాగం డిప్యూటీ మేనేజరు సువర్చలాదేవి గారు మాన్యువల్ తెరిచారు. మెత్తన గురించి అందులో లేదు. గుంతల గురించి ఉంది. "గుంత యనగా, రోడ్డుపై పరిసర ఉపరితలము కంటే పల్లముగా నున్న చోటు," అని చదివారు. "సార్, రోడ్డు బదులు పడవ అని ఎలాగూ చదువుతున్నాం. పల్లం బదులు మెత్తన అని చదివితే?"

"మెత్తన చోటు అనగా, పడవపై పరిసర ఉపరితలము కంటే మెత్తగా నున్న చోటు," అన్నారు పూర్ణానందం గారు నెమ్మదిగా, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు. "చూశారా భానోజీరావ్? శాస్త్రం అంటే ఇదీ. ఈ ఒక్క వాక్యంతో నా పాత జిల్లాలో నలభై మైళ్ళ రోడ్డు మీద గుంతలు లేకుండా చేశాను."

ఆ రోడ్డు భానోజీరావుకు తెలుసు. మొదట్లో అక్కడక్కడా గుంతలుండేవి. తరవాత రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పైపొరంతా లేచిపోయి ఒక మట్టానికి దిగింది. దాంతో పరిసరాల కంటే పల్లంగా ఉన్న చోటు ఒక్కటి కూడా మిగల్లేదు. పూర్ణానందం గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

ఆ సమావేశంలోనే సువర్చలాదేవి గారి కుడి బొటనవేలిని ప్రామాణిక బొటనవేలుగా నిర్ణయించారు. ఇకపై ఆ వేలు లేకుండా తనిఖీ చెల్లదు. ఆవిడ ఇంట్లో కూరగాయలు తరగరాదని పూర్ణానందం గారు నోటిమాటగా సూచించారు.

తనిఖీకి ఆవిడ జీపులో వచ్చారు. వెనక ట్రైలరు మీద కోర్ కట్టర్ వచ్చింది. కొత్తగా వేసిన రోడ్డుకు బొరియ పెట్టి, గుండ్రటి ముక్క బయటికి లాగి, పొర మందం చూస్తారే, ఆ యంత్రం.

"ఇదెందుకు మేడమ్?" అన్నాడు భానోజీరావు.

"పరిసరాల కంటే మెత్తగా ఉందని తేల్చాలంటే ముందు పరిసరాల సంగతి తేలాలి కదండీ. ఎడమ, మధ్య, కుడి. మళ్ళీ ఎడమ, మధ్య, కుడి. బారెడు దూరానికొకటి."

యంత్రం మొదలైంది. పడవ ఒంట్లోంచి గుండ్రటి ముక్కలు ఒకదాని తరవాత ఒకటి వచ్చాయి. వాటిని పాలిథిన్ సంచుల్లో వేసి నంబర్లు రాశారు. ఎల్లాజీ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"అమ్మా, అమ్మా! పడవకి కన్నాలెట్టీస్తన్నారేటమ్మా!"

"కన్నాలు కావు ఎల్లాజీ. శాంపిల్స్."

"శాంపిల్లోంచి నీరు రాదేటమ్మా?"

"దానికీ ఏర్పాటుంది," అని ఆవిడ మాన్యువల్ చూపించారు. శాంపిల్ తీసిన చోటును సిమెంటు కలిపి పూడ్చాలి. పూడ్చారు.

ఎల్లాజీ అవన్నీ చూసి, "జల్లెడకి నామాలెట్టినట్టున్నాది," అన్నాడు. మర్నాటి నుంచి వానలు పట్టుకున్నాయి. సిమెంటు బిళ్ళల అంచుల వెంట నీరు పొరల మధ్యకు దారి చేసుకుంది.

మంజూరు రాలేదు. శాంపిల్స్ విశ్లేషణలో ఉన్నాయి. ఒకరోజు భానోజీరావు షెడ్డులో మిగిలిపోయిన రెజిన్ డబ్బాలూ, ఫైబరు గుడ్డా ఎక్కడున్నాయో ఎల్లాజీకి చూపించి, "నేను టీ తాగొస్తాను," అన్నాడు.

ఆ టీ తాగడానికి వారం పట్టింది.

ఎల్లాజీ తన బావమరిదిని తెచ్చుకున్నాడు. పడవ మీద పరదా కట్టారు. సుద్దగీత వెంట కోశారు. కుళ్ళు రెండో వైపు పొరకు కూడా తగిలి ఉండటంతో ఆ ముక్క మొత్తం తీసేసి, తలుపు రెక్కంత కొత్త ముక్క కట్టారు. పోలేశ్వరీ, ఆమెతో నేర్చుకునే పిల్లలూ గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశారు. భానోజీరావు వచ్చి సుత్తితో కొట్టాడు. టంగ్ అంది. మళ్ళీ కొట్టాడు. పని లేకపోయినా మూడోసారి కూడా కొట్టాడు.

"ఇంక మిగతా కన్నాలు కూడా సూసీద్దాం బాబూ," అన్నాడు ఎల్లాజీ. "ఇంకో టీ తాగిరండి."

అక్కడ ఆగి ఇంకో టీ తాగి ఉంటే కథ వేరుగా ఉండేది. భానోజీరావు ఆ సంతోషంలో, మరమ్మతు పూర్తయింది, పరిశీలించవచ్చు అని పైకి రాసి పంపాడు.

ప్రామాణిక బొటనవేలు వచ్చింది. సువర్చలాదేవి గారు కొత్త ముక్క మీద నొక్కారు. దిగలేదు. దాని పక్కన నొక్కారు. కొంచెం దిగింది. కింద నొక్కారు. కొంచెం దిగింది. జేబురుమాలుతో వేలు తుడుచుకున్నారు.

"భానోజీరావు గారూ, ఎంత పని చేశారండీ."

"ఏమైంది మేడమ్?"

"ఇంతకు ముందు పడవలో మెత్తన చోటు ఒకటి ఉంది. తలుపు రెక్కంత. మీరు దాన్ని గట్టి చేశారు. ఇప్పుడు దాని చుట్టూ ఉన్నదంతా దానికంటే మెత్తన. అంటే తలుపు రెక్కంత మెత్తన చోటు తీసేసి, పడవంత మెత్తన చోటు తయారు చేశారు."

"మేడమ్, మిగతాది మెత్తబడింది శాంపిల్స్ తీసినచోట నీరు దిగి..."

"శాంపిల్స్ విశ్లేషణలో ఉన్నాయి. వాటి గురించి మాట్లాడకూడదు." ఆవిడ కొత్త ముక్కను గోటితో గీరారు. "దీనికి క్యూరింగ్ చేశారా?"

"ఇది సిమెంటు కాదు మేడమ్. రెజిన్. నీళ్ళు పెట్టకూడదు."

"కొత్త పని ఏదైనా క్యూరింగ్ లేకుండా ఒప్పుకునే సంప్రదాయం మన శాఖలో లేదు."

రోడ్డు పక్క కల్వర్టులకు చేసినట్టే గోనె సంచులు తడిపి కప్పారు. ఒక్క ముక్కకే నీళ్ళు పెడితే ఏకరూపత దెబ్బతింటుందని పడవ మొత్తం కప్పారు. గొట్టం పట్టుకోడానికి ఒక మనిషిని పెట్టారు. వాన కురుస్తున్నప్పుడు కూడా అతను వానలో నిలబడి గొట్టం పట్టాడు. మాన్యువల్‌లో వాన ప్రస్తావన లేదు.

"సముద్రంలో నీరు తగల్దనేటి బాబూ, ఒడ్డు మీదే ముంచీస్తన్నారు?" అని ఎల్లాజీ అడిగాడు. భానోజీరావు జేబులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. అతనికి అప్పటికే ఒక మెమో వచ్చి ఉంది. పడవలోని మెత్తన విస్తీర్ణాన్ని అనుమతి లేకుండా పెంచినందుకు సంజాయిషీ కోరుతూ వచ్చిన మెమో.

వానలు తగ్గాక గోనెలు తీశారు. పవనకుమారి ఎండలో మెరిసింది. ప్రామాణిక బొటనవేలు ముక్కు దగ్గర మొదలుపెట్టి, ఎడమ డొక్క మీదుగా వెనక్కి వెళ్ళి, కుడి డొక్క మీదుగా తిరిగి వచ్చింది. అన్నిచోట్లా దిగింది. అన్నిచోట్లా ఒకే లోతుకు దిగింది. తలుపు రెక్కంత ముక్క మీద మాత్రం దిగలేదు.

పూర్ణానందం గారు స్వయంగా వచ్చి చూశారు. "అద్భుతం," అన్నారు. "ఎక్కడా పరిసరాల కంటే మెత్తగా లేదు."

"ఈ ఒక్కటీ ఉంది సార్," అన్నారు సువర్చలాదేవి గారు, ముక్కను చూపిస్తూ. "దీన్ని పరిసరంగా తీసుకుంటే మిగతాదంతా..."

"అలా తీసుకోకూడదు. ఎక్కువ ఉన్నదే పరిసరం. ఎక్కువ ఉన్నది మెత్తన. కాబట్టి మెత్తనే మట్టం. ఇది మిట్ట. రోడ్డు మీద మిట్ట ఉంటే మనం ఏమంటాం?"

"స్పీడ్ బ్రేకర్ అంటాం సార్."

"అంతే."

మాన్యువల్ ప్రకారం స్పీడ్ బ్రేకర్‌కు పసుపు, నలుపు చారలు వెయ్యాలి. కొత్త ముక్కకు వేశారు. ధ్రువపత్రం తయారైంది. మెత్తన చోట్లు: సున్నా. స్పీడ్ బ్రేకర్లు: ఒకటి. పడవను నీళ్ళలోకి దించే రోజు నిర్ణయించారు. పదిమంది ఆడపిల్లలూ ఎక్కి, ఏరు ముగిసే మొగ దాటి, సముద్రంలో ఒక చుట్టు తిరిగి రావాలి. పత్రికలవాళ్ళు వస్తారు. ధ్రువపత్రం మీద ఇంక భానోజీరావు సంతకం ఒక్కటే తక్కువ.

"సంతకం పెట్టకండి బాబూ," అన్నాడు ఎల్లాజీ.

"నేను పెట్టకపోతే పెట్టేవాణ్ణి తెచ్చి పెట్టిస్తారు."

"అయితే నా గుంటని పంపను."

"నానెల్తాను," అంది పోలేశ్వరి. ఆమె పక్కన కూర్చుని తాడు పేనుతోంది. "ఎల్లకపోతే పేరు తీసీస్తారు. మునిగితే ఈదుకొచ్చీస్తాను. మీకు నా గురించి బెంగేటి సార్? ఈత రానిది మీకు."

భానోజీరావు ఉలిక్కిపడ్డాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవులు సెప్పాల? రెండేళ్ళ నుంచి సూస్తన్నాను. మోకాలు దాటి నీట్లోకి దిగరు మీరు." పోలేశ్వరి తాడు ముడి బిగించింది. "నా మాట సరే. మాతో నేర్సుకుంటన్న బంగారికి మొన్ననే జొరం తగ్గింది. మా అందరికీ ఒకేలాటి ఈత రాదు సార్."

భానోజీరావు ఆఖరి ప్రయత్నంగా జనరల్ మేనేజరు గారి గదికి వెళ్ళాడు.

"సార్, నిర్వచనం మాట పక్కన పెడితే, పడవ మెత్తగా ఉంది."

పూర్ణానందం గారికి కోపం రాలేదు. శిష్యుడికి చెప్పినట్టు చెప్పారు. "పడవ నీళ్ళలోకి దిగాక దాని పరిసరం ఏమిటి?"

"నీరు సార్."

"పడవ నీటి కంటే మెత్తగా ఉందా?"

"లేదు సార్."

"మరి?"

భానోజీరావు గదిలోంచి బయటికి వచ్చాడు. తన బల్ల దగ్గర కూర్చుని మాన్యువల్ తెరిచాడు. రోడ్ల శాఖలో ఇరవై ఏళ్ళు చేసినవాడు ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవడు. చదివినవాళ్ళ మీద చర్య తీసుకున్న దాఖలాలు లేవు కాబట్టి అతను చదివాడు. దీపాలు పెట్టేవేళకు వంతెనల అధ్యాయంలో అతనికి కావలసినది దొరికింది.

మర్నాడు ధ్రువపత్రం మీద సంతకం పెట్టి, కింద మాన్యువల్‌లోని మాటలే, రోడ్డు బదులు పడవ అని మార్చి, రాశాడు. "కొత్తగా పూర్తయిన పడవ వంతెనపై తొలి భారము నడచునపుడు సదరు దస్త్రముపై సంతకము చేసిన అధికారులు యావన్మందియు దాని కింద నిలబడవలెను. అంతవరకు ప్రజలను అనుమతింపరాదు."

పూర్ణానందం గారు దాన్ని రెండుసార్లు చదివారు. "పడవకు కింద నిలబడటం ఎలా?"

"లోపల కూర్చుంటే సరిపోతుంది సార్. నీటి గీతకు కిందనే ఉంటాం."

దస్త్రం మీద సంతకాలు పెట్టినవాళ్ళు పదకొండు మంది. మధ్యాహ్నానికి ఎనిమిది మందికి నడుంనొప్పి వచ్చింది. పూర్ణానందం గారు మాత్రం లేచి నిలబడి భానోజీరావు భుజం తట్టారు. "మంచి సంప్రదాయం గుర్తు చేశారు. మాన్యువల్‌ను నమ్మినవాడికి భయమేమిటి? పిల్లలు తరవాత ఎక్కుతారు. ముందు మనం ఎక్కుదాం." ఆయన గొంతులో వెటకారం లేదు. ఆయన నమ్మారు. సువర్చలాదేవి గారు కూడా, తాను నొక్కి చూసిన పడవ కాబట్టి, సరే అన్నారు.

లైఫ్ జాకెట్ల సంగతి భానోజీరావు అడిగాడు. ధ్రువపత్రం జేబులో ఉండగా లైఫ్ జాకెట్ తొడుక్కోవడం ధ్రువపత్రాన్ని శంకించడం కిందికి వస్తుందని జవాబు వచ్చింది.

బయలుదేరే రోజు పొద్దున్న అతని భార్య రాజ్యం స్టీలు డబ్బాలో పులిహోర సర్దింది.

"ఏటండీ, ఈత రానోరు సముద్రంలోకి ఎల్లకపోతే ఏటి?"

"నేను వెళ్ళకపోతే పిల్లలు వెళ్తారు."

రాజ్యం డబ్బా మూత గట్టిగా నొక్కింది. "ఆకలేస్తే తినండి."

"బతికుంటే తింటాను."

"డబ్బా మాత్రం తేవాల. మా అమ్మిచ్చింది."

కొబ్బరికాయ కొట్టారు. పవనకుమారి నీళ్ళలోకి దిగింది. తేలింది. ఒడ్డు మీద చప్పట్లు కొట్టారు. ఎల్లాజీ చుక్కాని పట్టుకున్నాడు. పూర్ణానందం గారు, సువర్చలాదేవి గారు, భానోజీరావు లోపలి గదిలో, నీటి గీతకు కింద, చెక్క బల్లల మీద కూర్చున్నారు. భానోజీరావు వెతుక్కుని మరీ, లోపలివైపు నుంచి కూడా పసుపు, నలుపు చారలు వేసిన చోట వీపు ఆనించాడు. గౌరవ వందనం పేరుతో ఆడపిల్లలు అయిదు చిన్న పడవల్లో వెంట వచ్చారు. వందనం ఆలోచన పోలేశ్వరిది.

ఏట్లో ఉన్నంతసేపూ ఏమీ జరగలేదు. పులిహోర ముగ్గురూ తిన్నారు. మొగ దగ్గర కెరటాలు మొదలయ్యాయి. కెరటం తగిలినప్పుడల్లా పడవ డొక్కలు లోపలికి వచ్చి మళ్ళీ బయటికి వెళ్ళాయి.

"ఊపిరి తీస్తోంది," అన్నాడు భానోజీరావు.

"దాన్ని స్థితిస్థాపకత అంటారు," అన్నారు పూర్ణానందం గారు.

టప్ అని ఒక సిమెంటు బిళ్ళ ఊడి సువర్చలాదేవి గారి ఒళ్ళో పడింది. దాని వెనకే బొటనవేలంత ధార వచ్చింది. ఆవిడ బిళ్ళ తిప్పి చూశారు. "ఎడమ ఏడు," అన్నారు. మళ్ళీ టప్ అంది. "కుడి నాలుగు." తరవాత నంబర్లు చదవడానికి తీరిక లేకపోయింది.

"సార్, నీళ్ళు వస్తున్నాయి."

"శాంపిల్ చోట్ల నుంచి మాత్రమే," అన్నారు పూర్ణానందం గారు, కాళ్ళు పైకి పెట్టుకుంటూ. "పడవలోంచి రావడం లేదు."

పైనుంచి ఎల్లాజీ అరిచాడు. "బాబూ, మేట తగలబోతన్నాది, గట్టిగా పట్టుకోండి!"

మొగలో ఇసుక మేట ఉంది. గట్టి పడవ అయితే దాని మీద ఒకసారి రాసుకుని జారిపోయేది. పవనకుమారి తగిలిన చోటల్లా దాని ఆకారానికి ఒదిగింది. ఒదగని చోటు ఒక్కటే ఉంది. దాని చుట్టూ, చారల అంచు వెంట, గుడ్డ చిరిగినట్టు పర్రుమని చిరిగింది. భానోజీరావు వీపు ఆనించిన గోడ బయటికి వెళ్ళిపోయింది. గోడతో పాటు అతనూ వెళ్ళాడు.

నోట్లోకి ఉప్పునీరు వచ్చింది. చేతులు దేన్నో పట్టుకున్నాయి. కళ్ళు తెరిచేసరికి అతను పసుపు, నలుపు చారల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. అది తేలుతోంది. ఒక చేతిలో దాని అంచూ, రెండో చేతిలో పులిహోర డబ్బా ఉన్నాయి. కెరటం అతన్ని ఒడ్డువైపు తోసింది.

వెనక పవనకుమారి మేట మీద కూర్చుని నీళ్ళతో నిండింది. పూర్ణానందం గారు గదిలోంచి పైకి వచ్చి తెరచాప కొయ్య పట్టుకున్నారు. నీళ్ళు ఆయన మెడదాకా వచ్చాయి. పోలేశ్వరి చిన్న పడవ పక్కకు తెచ్చి తాడు విసిరింది.

"పట్టుకోండి సార్!"

ఆయన తాడు వైపు చూసి, పడవ వైపు చూశారు. "ఈ పడవకు ధ్రువపత్రం ఉందా?"

"నేదు సార్."

ఆయన ఆలోచించారు. ఒక కెరటం ఆయన తల మీదుగా వెళ్ళింది. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. సువర్చలాదేవి గారు మాత్రం ఈదుకుంటూ వచ్చి, చిన్న పడవ అంచు మీద బొటనవేలితో నొక్కి, "దిగడం లేదు సార్, ఎక్కండి," అని తాను ముందు ఎక్కారు.

"ఎక్కండి బాబూ," అన్నాడు ఎల్లాజీ నీళ్ళలోంచి, ఆయన్ని వెనక నుంచి తోస్తూ. "ఎక్కినాక ఆలోసించుకుందురు."

ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికి వెళ్ళాక రాజ్యం మొదట భానోజీరావు ఒళ్ళంతా తడిమి చూసింది. తరవాత డబ్బా చూసింది. "మూతేదండీ?" అంది. ఆ తరవాత ఏడ్చింది.

విచారణ జరిగింది. పడవలో ఒక చోటు అనుమతి లేకుండా గట్టిగా ఉండటం వల్ల, సదరు చోటు పరిసరాలతో సహకరించక విడిపోవడం వల్ల ప్రమాదం సంభవించినదని తేలింది. ఆ మాట సాంకేతికంగా తప్పు కాదు. భానోజీరావుకు మెమో వచ్చింది. ధ్రువీకరించిన అధికారి ప్రయాణం పూర్తయ్యేవరకు విధిగా పడవలోనే ఉండవలసి ఉండగా, మధ్యలో పడవను విడిచి విడిగా ఒడ్డుకు చేరడానికి కారణమేమి?

అతను ఒక్క వాక్యంలో జవాబు రాశాడు. "నేను చివరివరకు పడవలోనే ఉన్నాను, మిగతాది నాతో రాలేదు."

జవాబు పైదాకా వెళ్ళింది. అక్కడ చిక్కు వచ్చింది. మునిగినది పడవ అయితే అతను విడిచినట్టు. తేలినది పడవ అయితే మునిగినవాళ్ళు విడిచినట్టు. మాన్యువల్‌లో 'రోడ్డు' అన్న చోట 'పడవ' అని చదువుకుంటున్నారు గాని, పడవ అంటే ఏమిటో అందులో లేదు. రోడ్డు తేలాలని ఎవరూ అనుకోలేదు. నిర్వచనం కోసం పూర్ణానందం గారి అధ్యక్షతన కమిటీ వేశారు. కమిటీ తేల్చేదాకా ఒడ్డుకు చేరిన ముక్కనే పవనకుమారిగా పరిగణించి, దాని సంరక్షణ భానోజీరావుకు అప్పగించారు.

ముక్క రేవు షెడ్డు పక్కన రెండు దుంగల మీద ఉంది. చారల మీద పేరు రాశారు. పొద్దున్నపూట పోలేశ్వరి వాళ్ళు దాని మీద కూర్చుని తాళ్ళు ముడివేయడం నేర్చుకుంటారు. సాయంత్రాలు ఆమె భానోజీరావును నడుంలోతు నీళ్ళలోకి దించి, "కాళ్ళు కొట్టండి సార్, సంతకం కాదు పెట్టడానికి," అని అరుస్తూ ఉంటుంది.

నెలనెలా దానికి తనిఖీ ఉంటుంది. భానోజీరావు చెక్క సుత్తితో ఆ చివర నుంచి ఈ చివరకు కొడతాడు. టంగ్ అంటుంది. మెత్తన చోట్లు: సున్నా అని రాసి సంతకం పెడతాడు.

పని లేకపోయినా ఇంకోసారి కొడతాడు.